రెండు ఆకుపచ్చ పలకలు

ఆదివారం సాయంత్రం 5 గంటల 54 నిమిషాలు.

కర్నూలు శివార్లలో, నందికొట్కూరు రోడ్డు పక్కనున్న రీసెర్చ్ సెంటర్ రెండో అంతస్తులో ఒక కేక వినబడింది.

ల్యాబ్ టెక్నీషియన్ హెన్రీ కింద గేటు దగ్గర్నుంచి మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. డార్క్‌రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో తోటి పరిశోధకుడు అవినాష్ మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. లోపల, టేబుల్ మీద తల వాల్చి, యామిని.

చెవుల్లో ఇయర్‌ఫోన్స్ అలాగే ఉన్నాయి. చేతి పక్కన పెన్ను. ఆమె ఎదురుగా నల్లటి పెట్టెలో కెమెరా తన పని తాను చేసుకుపోతోంది. రెండు నిమిషాలకోసారి టిక్కుమంటోంది.

6:25కి అంబులెన్స్ వచ్చింది. 7:05కి ఆసుపత్రిలో డాక్టర్ నాడి చూసి తల అడ్డంగా ఊపాడు.

యామినికి ఇరవై ఏడేళ్ళు. పత్తికొండ దగ్గర టమాటా పండించే నరసన్న, గిడ్డమ్మల ఒక్కతే కూతురు. ఇంకో ఎనిమిది నెలలు ఆగితే పీహెచ్‌డీ పూర్తయి డాక్టర్ యామిని అయ్యేది.

*

పదకొండో రోజు ఉదయం సిఐ శివలీల ఆ ఫైలు మళ్ళీ తెరిచింది.

ఫైలు పల్చగా ఉంది. ఒంటి మీద గాయాల్లేవు. తలుపుకు లోపలి గడియ లేదు. పోస్ట్‌మార్టంలో ఊపిరాడక పోయిన లక్షణాలు ఉన్నాయి గానీ కారణం తేలలేదు. విసెరా రిపోర్టు రావాలి. డార్క్‌రూమ్ గోడకు ఆక్సిజన్ అలారం ఉంది. ఆ రోజు అది మోగలేదు. కాబట్టి గ్యాస్ లీక్ కాదు. అంతకు వారం ముందు ఆమె రాసిన పరిశోధన పేపర్ జర్నల్ నుంచి తిరిగొచ్చింది. శుక్రవారం గైడ్ అందరి ముందూ కేకలేశాడు.

కింద ఎస్ఐ రాసిన వాక్యం: 'ఏదో రసాయనం తీసుకుని ఆత్మహత్య చేసుకున్నట్టు అనుమానం.'

దాని కింద శివలీల సంతకం. ఆ వారమంతా ఆమె బందోబస్తు డ్యూటీలో ఉంది. జీపు బానెట్ మీద ఫైలు పెట్టుకుని, నిలబడే చేసిన సంతకం అది.

ఎదురు కుర్చీలో నరసన్న కూర్చున్నాడు. అరవై దగ్గర పడిన మనిషి. కుర్చీ అంచునే కూర్చున్నాడు, ఎప్పుడైనా లెమ్మంటారేమో అన్నట్టు.

"ఊర్లో అందరూ మందు తాగి సచ్చిపోయిందంటాండారు మేడమ్. ఎవురితోనో ఏందో ఉండాది, అందుకే అంటాండారు. మా ఆడమనిషి పదకొండు దినాలైంది, నోరు తెరిచి ఒక మాట మాట్లాడల్యా. నా బిడ్డ అట్లాటిది గాదు మేడమ్."

"ఆ రోజు మీకు ఫోన్ చేసింది కదా?"

"చేసినాది. ఐదు గొట్టే దానికి రెండు నిమిషాలు తక్కువ."

కాల్ రికార్డులో 4:58 అనే ఉంది. మూడు నిమిషాల పదకొండు సెకన్లు.

"ఏం మాట్లాడింది?"

"టమాటా ధర అడిగినాది. ఏదో చెప్తాంది గానీ మాట తడబడతాండాది. 'ఏమైందిమ్మా' అంటే 'తలకాయ బరువుగా ఉండాది నాయనా, నిద్ర ముంచుకొస్తాంది' అనె." నరసన్న తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేనేమన్యానో తెల్సునా మేడమ్? శానా అలిసిపోయింటావు, ఆడే ఒక గడియ పండుకో తల్లీ అన్యా. సరే నాయనా అనె. నేనే పండుకోమన్యా."

శివలీల పెన్ను కింద పెట్టింది.

చావాలనుకున్న మనిషి టమాటా ధర అడుగుతుందా? మాట తడబాటు, తల బరువు, నిద్ర. విషం తాగినా అలా ఉండొచ్చు. కానీ వాంతి లేదు. గ్లాసు లేదు. సీసా లేదు.

"పెద్దాయనా, మీరీడే ఉండండి. నేను పోయొస్తా."

*

డార్క్‌రూమ్ కొలతలు ఆరడుగులకు ఆరడుగులు. కిటికీ లేదు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది.

శివలీల స్విచ్ వేసింది. ఫ్యాన్ తిరగలేదు.

"ఎప్పట్నుంచి ఇట్లా?"

"నెల దాటింది మేడమ్. కాలిపోయింది" అన్నాడు హెన్రీ. యాభై రెండేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళుగా అదే ల్యాబ్‌లో ఉన్నాడు. "యామిని పాప లెటర్ రాసిచ్చింది. సార్ టేబుల్ మీద ఉండాల."

"ఆదివారం నువ్వెక్కడున్నావ్?"

"నాలుగు దాకా చర్చిలో. తర్వాత కింద గేటు దగ్గర. కేక వినిపించినాక పైకొచ్చినా."

"ఆ రోజు మామూలుగా కానిది ఏదైనా చూసినావా? చిన్నదైనా సరే."

హెన్రీ ఆలోచించాడు. "సోమవారం పొద్దున చూస్తే నైట్రోజన్ సిలిండర్లు నాలుగు ఖాళీ. బయట షెడ్డులో ఉంటాయి, గ్యాస్ పైపులో పైకి ఈ గదికీ ఎదురు గదికీ వస్తాది. వాల్వు కారిందేమో అనుకున్యా."

"ఎవరికైనా చెప్పినావా?"

"ఎవురూ అడగల్యా మేడమ్."

ఆమె నల్లటి పెట్టె దగ్గరికి వెళ్ళింది. లోపల చిన్న యూవీ దీపం. దాని కింద గోరంత గాజు పలకలు రెండు. పైన కెమెరా.

"ఈ కెమెరా మెమరీ కార్డు ఎవరూ తీసుకెళ్ళలేదా?"

"మీ వాళ్ళు చూసినారు మేడమ్. అన్నీ ఆకుపచ్చ ఫోటోలే గదా అని వదిలేసినారు."

శివలీల అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది. లాప్‌టాప్‌లో ఫోటోలు ఒక్కొక్కటే తిప్పింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు నిమిషాలకొకటి. ప్రతి ఫోటోలో నల్లటి నేల మీద రెండు ఆకుపచ్చ గళ్ళు. ఎడమది లేత వరి మడిలా ధగధగలాడుతోంది. కుడిది ఎండిన ఆకులా మసగ్గా ఉంది.

ఎమ్మిగనూరులో ఆమె నాన్న నూలుకు రంగులద్దేవాడు. రెండు నూలు లడీలు పక్కపక్కన పెట్టి, రంగు తొట్టిలో ఏది ఒక్క ముంచు తక్కువో చెప్పమని పిల్లల్ని కూర్చోబెట్టేవాడు. తప్పు చెబితే మొట్టికాయ.

4:06 ఫోటో దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

కుడిపక్క గడి మారుతోంది. ఒక్క ముంచు తేడా. 4:30కి ఇంకా. 4:58కి బాగా. 5:14 ఫోటోలో రెండు గళ్ళూ ఒకే రంగు. ఏది ఏదో పోల్చుకోలేనంత ఒకటే రంగు.

ఆమె మళ్ళీ మొదటికి తిప్పి, మళ్ళీ చూసింది. ఎడమ గడి మాత్రం మొదట్నుంచి చివరిదాకా ఒక్కలాగే ఉంది. అంటే దీపంలో తేడా లేదు. కెమెరాలో తేడా లేదు.

"మీ ప్రొఫెసర్ గారిని పిలువు" అంది.

*

ప్రొఫెసర్ రంగనాథ్ ఆదివారం కడపలో సెమినార్‌లో ఉన్నాడు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా వేదిక మీదే. వీడియో ఉంది. అయినా అతని మొహం పదకొండు రోజుల్లో పదేళ్ళు ముదిరినట్టుంది.

"ఈ పలకలు ఏమిటి సార్?"

"యామిని తయారుచేసిన పదార్థం. వై-17 అని పేరు పెట్టుకుంది. ఫోన్ తెరల్లో ఆకుపచ్చ చుక్కలుంటాయి కదమ్మా, వాటి కోసం. మామూలు పదార్థాల్లో మనం పంపే కరెంటులో నాలుగో వంతే వెలుగవుతుంది. మిగతాది వేడై పోతుంది. నడుమ ఇరీడియం అనే బరువైన లోహం పెట్టి, చుట్టూ మూడు సేంద్రియ రెక్కలు కడితే, ఆ పోయే మూడు వంతులు కూడా వెలుగుగా బయటికొస్తాయి."

"మరి పదిహేడు ఎందుకు?"

"ఆ రెక్కలెలా కట్టాలన్నదే డిజైన్. అణువులు ఒకదానికొకటి దగ్గరైతే వెలుగును అవే మింగేసుకుంటాయి. అందుకని రెక్కల చివర్లకు గుబురు కొమ్మలు తగిలించింది, ఎడం ఉండటానికి. పదహారు పోయాయి. పదిహేడోది..." ఆయన పెట్టెలోని పలకల వైపు చూశాడు. "వంద వంతుల్లో తొంభై నాలుగు వెలుగిచ్చింది. నేను నమ్మలేదు. శుక్రవారం కేకలేసింది అందుకే. మళ్ళీ కొలిచి తెమ్మన్నాను. ఆదివారం కూడా వచ్చింది అందుకే."

"ఎడమది ప్రకాశంగా ఉంది, కుడిది మసగ్గా ఉంది. ఎందుకు?"

"ఎడమది గాలి చొరకుండా సీల్ చేసింది. కుడిది గాలికి తెరిచి పెట్టింది. ఈ వెలుగుకు ఆక్సిజన్ పడదు. అది తగిలితే మసకబారుతుంది."

శివలీల లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. 5:14.

"అయితే ఇది?"

రంగనాథ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. చూశాడు. ఫోటో ముందుకూ వెనక్కూ తిప్పాడు.

"గాలికి తెరిచిన పలక ఇంతగా వెలగాలంటే... ఈ గదిలో ఆక్సిజన్ లేదు. వాసన లేని నైట్రోజన్ నిండిపోయింది."

"వై-17 చెప్పింది అదే సార్. గంటా ఎనిమిది నిమిషాల పాటు చెప్పింది. మీ అలారమే చెప్పలేదు."

*

అలారం అరచేతిలో పట్టే పసుపు పెట్టె. రోజు మొత్తంలో అతి తక్కువ రీడింగ్ ఎంతో, ఎన్ని గంటలకో దాని మెమరీలో ఉంటుంది. ఎస్ఐ అది చూసే 'నార్మల్' అని రాశాడు.

మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి 20.9; 19.5 కంటే తగ్గితేనే అలారం మోగుతుంది. ఆదివారం నాటి అతి తక్కువ రీడింగ్: 20.4. సమయం మధ్యాహ్నం 3:40.

శివలీల 3:40 ఫోటో తీసింది. కుడి గడి మామూలుగా మసగ్గానే ఉంది. ఆక్సిజన్ తగ్గలేదని పలక అన్న చోట తగ్గిందని అలారం అంటోంది. తగ్గిందని పలక అన్న చోట తగ్గలేదని అలారం అంటోంది.

రెండూ ఒకే గదిలో ఉంటే అలా ఎందుకు చెబుతాయి?

ఎదురు గది అవినాష్‌ది. కడప కుర్రాడు, యామినితో పాటే చేరినవాడు. నాలుగేళ్ళు ఒకే క్యారియర్‌లో ఇద్దరూ పంచుకుని తిన్నారని హెన్రీ చెప్పాడు. అతని గదిలో అలారం లేదు. గోడకు ఖాళీ కొక్కెం ఉంది. రిపేరుకు పంపి నెలన్నర అయ్యింది.

అతని టేబుల్ మీద ల్యాబ్ రికార్డు ఉంది. శివలీల ఆదివారం పేజీ తెరిచింది. గుండ్రటి చేతిరాత.

'3:40 – నైట్రోజన్ వదిలాను. ఐదు నిమిషాలు.'

ఆమె ఆ పేజీ ఫోటో తీసుకుని, రికార్డు మూసి, కాసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఇలాంటి క్షణంలో మామూలుగా ఆమెకు రక్తం ఉరకలేస్తుంది. ఆ రోజు అలా అనిపించలేదు.

తర్వాత మిగిలిన ఫోటోలు చూసింది. 5:16. 5:18. 5:20. 5:22.

అక్కడ ఆమె 'అయ్యో' అని పైకే అంది.

*

మర్నాడు పదకొండు గంటలకు అందరూ ల్యాబ్‌లో ఉన్నారు. రంగనాథ్, హెన్రీ, అవినాష్, ఒక కానిస్టేబుల్. నరసన్నను శివలీలే కబురుపెట్టి పిలిపించింది.

"ముందు ఒకటి చూపిస్తాను" అంది. "సార్, లైట్లు తీయండి."

రంగనాథ్ గాలికి తెరిచిన పలకను గాజు సీసాలో పెట్టి, యూవీ దీపం కింద ఉంచాడు. పలక మసగ్గా వెలిగింది. సీసాలోకి నైట్రోజన్ గొట్టం పెట్టాడు. పది సెకన్లు. ఇరవై.

పలక మెల్లగా మేలుకుంది. ముప్పయ్యో సెకనుకు గోడల మీద, మనుషుల మొహాల మీద ఆకుపచ్చ వెలుగు పడింది.

నరసన్న దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఇదేనా మా పాప చేసినాది?"

"ఇదే" అన్నాడు రంగనాథ్.

"నాలుగేండ్లు ఏం చేస్తాండావమ్మా అని అడిగితే ఎలుగు చేస్తాండా నాయనా అనేది. నేను నగేవాణ్ణి. శానా బాగుండాది సార్." అతను చెయ్యి చాపి, సీసాను ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు.

హెన్రీ లైట్లు వేశాడు. శివలీల అవినాష్ వైపు తిరిగింది.

"ఆదివారం నువ్వు తలుపు మొదటిసారి ఎప్పుడు తీసినావ్?"

"5:54కి మేడమ్. స్టేట్‌మెంట్‌లో చెప్పాను."

"అలారం యాడుంది అప్పుడు?"

"గోడకే."

"పొద్దుట్నుంచీ గోడకే ఉందా?"

"ఆ... ఉంది."

"మధ్యాహ్నం 3:40కి నీ గదిలో నువ్వు నైట్రోజన్ వదిలినావ్. అది నీ రికార్డులో ఉంది. సరిగ్గా 3:40కే ఈ అలారం రీడింగ్ పడింది. ఈ గది గోడకున్న అలారానికి ఆ గదిలో గ్యాస్ ఎట్లా తెలిసింది?"

శివలీల లాప్‌టాప్ తెరిచింది. "5:14. రెండు పలకలూ ఒకటే రంగు. గదిలో గాలి లేదు. 5:18, అట్లాగే ఉంది. 5:20. కుడి పలక ఒక్కసారి మసకబారింది. అంటే గాలి వచ్చింది. గాలి ఎట్లా వస్తుంది? తలుపు తెరిస్తేనే వస్తుంది. 5:22, ఇంకా మసక. 5:24 నుంచి మళ్ళీ వెలుగు పెరిగింది. అంటే తలుపు మూసినారు."

ఆమె ఇంకో ఫోటోకు తిప్పింది.

"5:46కి మళ్ళీ మసకబారింది. ఇక వెలగలేదు. తలుపు తెరిచే ఉంది. హెన్రీకి కేక వినబడింది 5:54కి. ఆ ఎనిమిది నిమిషాలు దేనికి అవినాష్? గదిలో గాలాడడానికా? గాలి నిండకముందే అలారం తగిలిస్తే అది మోగుతుందనా?"

అవినాష్ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

"తను అన్నానికి పోయినప్పుడు తెచ్చుకున్నా మేడమ్. నా అలారం చెడిపోయింది. గంటలో పెట్టేద్దామనుకున్నా. మర్చిపోయినా. 5:20కి టీకి పిలుద్దామని తలుపు తీసినా. తల వాల్చి ఉంది. నాకూ తల తిరిగింది. చూస్తే నైట్రోజన్ గొట్టం ఊడి కింద పడి ఉంది. తను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఏమీ వినపడదు..."

"పిలిచినావా?"

"రెండుసార్లు. పలకలేదు."

"ముట్టుకుని చూసినావా?"

"లేదు."

"తలుపెందుకు మూసినావ్?"

"మూసేస్తే ఇంకా నేను చూడనట్టే అనిపించింది మేడమ్. నా గదిలో పోయి కూర్చున్నా. అలారం టేబుల్ మీద ఉంది. దాన్నే చూస్తా కూర్చున్నా. తను పోయిందనుకున్నా. నిజంగా పోయిందనుకున్నా. తర్వాత పోయి గొట్టం, అలారం మళ్ళీ తగిలించి కేకేసినా."

నరసన్న ముందుకొచ్చాడు. కానిస్టేబుల్ అడ్డుపడబోయాడు. శివలీల వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నరసన్న ఆ కుర్రాడి ఎదుట గొంతుక్కూర్చున్నాడు. అతనెవరో తెలియనివాడు కాదు. పోయిన ఏడాది వాళ్ళింటికి వచ్చి, రెండు పూటలు తిని పోయినవాడు.

"ఒక్క కేక ఏసింటే సాలు గదప్పా" అన్నాడు. "హెన్రీ కిందనే ఉండె. ఒక్క కేక."

అవినాష్ మోకాళ్ళలో మొహం దాచుకున్నాడు.

నరసన్న తలెత్తి శివలీలను చూశాడు. "మేడమ్. ఈ పిల్లోడు మొదట తలుపు తీసినప్పుడు నా బిడ్డ పాణంతో ఉండెనా?"

డాక్టర్ అభిప్రాయం ఆమె ఫైల్లో ఉంది. తెల్లవారి ఏడింటికే వెళ్ళి రాయించుకుంది. ఇప్పుడు దాచినా, రేపు కోర్టులో ఎవరైనా చదువుతారు.

"ఉండొచ్చు పెద్దాయనా. అప్పుడే బయటికి లాగి ఉంటే బతికేదేమో అన్నాడు డాక్టర్."

నరసన్న తల ఊపాడు. లేవడానికి హెన్రీ చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

రంగనాథ్ తన గదిలోంచి ఒక కాగితం తెచ్చి శివలీల చేతికిచ్చాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాలిపోయిందని యామిని రాసిన లెటర్. కింద తేదీ ఉంది, పైన మంజూరు చేస్తూ ఎవరి సంతకమూ లేదు.

"ఇది కూడా ఫైల్లో పెట్టండి" అన్నాడు. "నేనే ఇచ్చానని రాయండి."

*

స్టేషన్లో అవినాష్ అరెస్టు కాగితాలు పూర్తయ్యేసరికి ఒంటిగంట. నరసన్న బయట బెంచీ మీదే ఉన్నాడు.

"ఒక కాయితం ఇస్తారా మేడమ్? తెలుగులో. మందు తాగలేదని. ఊర్లో చూపించాల."

శివలీల తన చేత్తోనే రాసింది. ఆత్మహత్య కాదని, నైట్రోజన్ వల్ల ఊపిరాడక జరిగిన మరణమని, ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదని. స్టాంపు వేసింది. ముందు రాసిన మాట తప్పని ఒప్పుకుంటూ ఇంకో వాక్యం కలిపి, దాని పక్కన మళ్ళీ సంతకం చేసింది. ఈసారి కూర్చుని చేసింది.

"జీపులో దింపమంటాను."

"వద్దులేమ్మా. పోలీసు జీపులో దిగితే మళ్ళీ ఏమేమో అనుకుంటారు."

ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, లోపలికి వెళ్ళి, యూనిఫాం మార్చుకుని వచ్చింది.

"పదండి. బస్సులోనే పోదాం."

పత్తికొండలో దిగి ఆటోలో ఊరు చేరేసరికి నాలుగు దాటింది. ఎర్ర నేలల మీద ఎండ ఇంకా చురుక్కుమంటోంది. వాకిట్లో టమాటా గంపలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. వాటి పక్కనే గోడకానుకుని గిడ్డమ్మ కూర్చుని ఉంది. ఇరుగుపొరుగు నలుగురైదుగురు ఎవరొచ్చారో చూద్దామని మూగారు.

శివలీల వాళ్ళందరికీ వినబడేట్టు కాగితం చదివింది. రెండుసార్లు చదివింది. తలలు వంచుకుని ఒక్కొక్కరే జరిగిపోయారు.

గిడ్డమ్మ ఏడవలేదు. చదివినంతసేపూ శివలీల నోటి వైపే చూసింది. తర్వాత, పన్నెండు రోజుల్లో మొదటిసారి, నోరు తెరిచింది.

"పోయేటప్పుడు దానికి నొప్పి తెల్సింటాదా మేడమ్?"

"లేదమ్మా." ఇది నిజం. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. శివలీల ఆమె పక్కన నేల మీదే కూర్చుంది. "ఏమీ తెలీదు. నిద్ర పట్టినట్టే ఉంటుంది, అంతే."

గిడ్డమ్మ వాకిలి వైపు చూసింది.

"దానిది మొద్దు నిద్ర మేడమ్, సిన్నప్పట్నుంచీ" అంది. "ఎవురన్నా పోయి తట్టి లేపాల. తనంతట తను లేయదు."